వలద వారి ఇంటిపేరు

అక్టోబరు 6, 2025

కాసులమ్మత్త మళ్లీ ఫోన్ చేసింది. నాన్న చెల్లెలు. ఎనభై ఏడేళ్లు. ముప్పై ఏళ్లు ఊరందరి సంగతులూ పేపర్లో రాసేవు, మా తాత ఏటి చేసి ఈ దీవికొచ్చేడో ఒక్క ముక్క కనుక్కోలేకపోయేవేటే అని దెప్పింది.

వచ్చే నెల కార్తీక బహుళ త్రయోదశి. ఆ రోజు ఆవిడ వాళ్ల తాత దానయ్యకి అన్నం ముద్ద పెడుతుంది. పంతులు లేడు, మంత్రం లేదు. ముద్ద పెట్టి పేరు పిలవడమే. తనకిదే ఆఖరుసారి అనుకుంటోంది. ఈసారి ఎవరిని పిలుస్తోందో తెలిసి పిలవాలట. చిన్నప్పుడు స్కూల్లో తనని ఖూనీ ఖాందాన్, హంతకుల వంశం అని ఏడిపించేవారట. ఖూనీయో కాదో తెలీకుండా నేను పోను అంది.

ఒప్పుకున్నాను.

అక్టోబరు 9

ఉన్న ఆధారం ఒకటే. ద్వీపాంతర శిక్ష సడలించినప్పుడు ఖైదీకి ఇచ్చిన టికెట్. ఎడమ సగం చెద తినేసింది. మిగిలింది ఇంగ్లీషులో ఒక లైను: వలద్ దానయ, విశాఖపట్నం జిల్లా. ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. మన పద్ధతే. నా బైలైన్ వి. సరోజినిలో ఉన్న వి ఇదే.

తాతయ్యకి మూడేళ్లప్పుడు తండ్రి జ్వరంతో పోయాడు. తల్లి హిందీ మనిషి, ఆమె కూడా ఖైదీగా వచ్చిందే. మొగుడి పేరు ఎన్నడూ నోటితో అనలేదు. మున్నా కే బాప్, పిల్లాడి తండ్రి, అంతే. కాబట్టి మాకు పేరు చెప్పింది ఈ కాగితమే.

రామ్‌ప్రసాద్ బావ అత్త కొడుకు. హాడో వార్ఫ్‌లో, ఓడల రేవులో పని. వలద అంటే వలలేసేవాళ్లని ఆయన థియరీ. మీ ముత్తాత సముద్రం మనిషే మరదలా, నువ్వేమో ఫెర్రీ ఎక్కితే వాంతి కవరు పట్టుకుని కూర్చుంటావు అన్నాడు.

అక్టోబరు 24

ఖైదీల పాత రిజిస్టర్ల కాపీల్లో డి అక్షరం మూడుసార్లు చూశాను. దానయ లేడు. వి కింద లేడు, డబ్ల్యూ కింద లేడు.

అక్టోబరు 30

అబర్డీన్ బజార్లో ఇద్రీస్ సాబ్‌ని కలిశాను. రిటైర్డ్ ఉర్దూ టీచర్. మున్షీల, అంటే జైలు గుమాస్తాల, పాత రాతలు చదవగలడు. టికెట్ ఫోటో చూసి గట్టిగా నవ్వాడు. ఎవరి ఖాందాన్ పేరు బేటీ ఇది అని అడిగాడు. మాదే అన్నాను. నవ్వు ఆపేశాడు.

వలద్ పేరు కాదట. ఫలానావాడి కొడుకు అని రాయడానికి మున్షీలు వాడిన మాట. దాని ముందు ఖైదీ పేరు ఉంటుంది, తర్వాత తండ్రి పేరు. మీ ఆద్మీ పేరు చెద తినేసింది బేటీ, మిగిలింది అబ్బాజాన్ పేరు అన్నాడు.

హిందీవాళ్లెవరైనా ఇలా పొరబడి ఉండేవారు కాదు. పేరుకి ముందు ఏ మాట కనిపించినా ఇంటిపేరనుకునేది తెలుగువాళ్లమే. ముప్పై ఏళ్లుగా నా పేరు ముందున్న అక్షరానికి అర్థం, కొడుకు.

నవంబరు 3, సాయంత్రం 4

తండ్రి పేర్ల కాలమ్ చూశాను. నలభై నిమిషాల్లో దొరికాడు.

యర్రయ వలద్ దానయ. వయసు 22. విశాఖపట్నం జిల్లా, చీపురుపల్లి తాలూకా. సెక్షన్ 302, యావజ్జీవం. 1904లో వచ్చాడు. 1914లో టికెట్. 1919లో జ్వరంతో మరణం.

నేరం: 16 నవంబరు 1903, మధ్యాహ్నం. పొలానికి నీళ్ల తగాదా. పారతో కొట్టి తండ్రి దానయను చంపాడు.

మూడుసార్లు చదివాను. నాలుగోసారి ఫోటో తీశాను.

నవంబరు 4

అత్త ఫోన్ చేసింది. ఎత్తలేదు.

నవంబరు 8

బావకి చెప్పాను. అమ్మకి చెప్పొద్దన్నాడు. మీ పేపర్లో తప్పు రాస్తే లోపలి పేజీలో ఎవరికీ కనబడకుండా సవరణ వేస్తారు కదా, అలా నీ మనసులో వేసేసుకో అన్నాడు. ఆవిడ అడిగింది నిజం కదా బావా అన్నాను. ఆవిడ అడిగింది తాతని, నువ్వు తెచ్చింది శవాన్ని అన్నాడు. టీ తాగకుండా లేచిపోయాడు.

ఆయన మాట తేలిగ్గా తీసెయ్యలేను. ఖూనీ కాదని తేలుతుందన్న ఆశతోనే ఆవిడ నన్ను పంపింది. నాకు తెలుసు.

నవంబరు 11

పాత తేదీలకు తిథులు చూపించే సైటు ఒకటుంది. 1903 నవంబరు 16 కొట్టాను.

మధ్యాహ్నానికి కార్తీక బహుళ త్రయోదశి.

అత్తకి ఫోన్ చేసి, ఈ అన్నం పెట్టడం ఎవరు మొదలెట్టారని మాత్రం అడిగాను. చెప్పేను కాదేటే, మా తాతే అంది. ఏటా ఆ రోజు ఒక్కడూ వెళ్లి ముద్ద పెట్టి వచ్చేవాడట. వెంట ఎవర్నీ రానిచ్చేవాడు కాదట. ఆయన పోయాక భార్య పిల్లాడి చేత పెట్టించిందట.

మనిషి తన తద్దినం తాను పెట్టుకోడు. ఈ కథ చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నేను రిపోర్టర్ని.

నవంబరు 16, ఉదయం 10

అత్తకి చెప్పేశాను. మొదట రిజిస్టర్లో ఉన్నది, తర్వాత తిథి సంగతి. మధ్యలో నా మాటలేవీ కలపలేదు. బావ గుమ్మంలో అటు తిరిగి నిలబడ్డాడు.

అత్త ఏడవలేదు. అప్పటికి ఆడి వయసెంత అంది. ఇరవై రెండు అన్నాను. కుర్రగుంటడు అంది. ఆ పేరు మళ్లీ చెప్పమంది. యర్రయ్య. రెండుసార్లు నోట్లో అనుకుంది. అయితే ఆళ్లు అన్నది నిజమేనన్నమాట, ఖూనీ ఖాందానే, బస్, అంతే అంది.

కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది. పదహారేళ్లు తండ్రికి పెట్టేడు, ఆడు పోయేక మేమూ ఆ తండ్రికే పెట్టేము, అంటే నూరేళ్లబట్టీ మా తాతకి ఎవులూ పెట్నేదన్నమాట అంది.



నవంబరు 17

ఒకే ఆకు. రెండు ముద్దలు. అత్త ముందు దానయ్యని పిలిచింది, తర్వాత యర్రయ్యని. రెండు ముద్దల మధ్య అరచెయ్యి గోడలా నిలబెట్టింది. కాకి వచ్చేదాకా తీయలేదు.