నాన్న వంట, నాయనమ్మ కంచం

నకరికల్లు,
14-7-1985

ప్రియమైన లీలకు,

ప్రభువు దయవల్ల నేను, అమ్మ, సువార్త క్షేమం. నువ్వు నర్సు ట్రైనింగుకు గుంటూరు వెళ్ళినప్పటి నుంచీ ఇంట్లో వంట నాదే. పొగకు అమ్మకు దగ్గు వస్తోందని పొయ్యి దగ్గరకు రానివ్వడం లేదు. నిన్న పప్పు మాడగొట్టాను. సువార్త ఒక ముద్ద తిని, "అమ్మ ఎప్పుడొస్తది నాన్నా?" అంది. ఏం చెప్పను?

వానలు లేక ఊళ్ళో కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. నా మిషను సగం రోజు ఊరికే ఉంటోంది. కందిపప్పు, నూనె, కొబ్బరి, ఏది కొనబోయినా చెయ్యి వెనక్కి వస్తోంది. "ఏంది యేసుపాదం, ఇదివరకులా సరుకులు తీసుకుపోవట్లేదు?" అని కొట్టు షావుకారు అడిగితే, ఆడమనిషి ఊళ్ళో లేదని నవ్వేసి వచ్చాను. తక్కువ ఖర్చులో, పిల్లకు తేడా తెలియకుండా ఎట్లా వండాలో రాయి. దీని గురించి దిగులు పెట్టుకుని చదువు మీద ధ్యాస తగ్గించవద్దు.

నీ
యేసుపాదం

గుంటూరు,
20-7-1985

ప్రియమైన సువార్త నాన్నకు,

నమస్కారాలు. మాడిన పప్పు సంగతి చదివి హాస్టల్లో అందరం నవ్వుకున్నాం. అందరూ వెళ్ళాక నాకు ఏడుపొచ్చింది.

సరే, వినండి. కందిపప్పు గుప్పెడే వేసి సొరకాయ ముక్కలు ఎక్కువ వెయ్యండి. మెత్తగా ఎనిపితే అంతా పప్పే అనుకుంటారు. అప్పుడప్పుడు ఉలవలు ఉడకబెట్టండి. ఆ నీళ్ళు చారుకు, గింజలు తాలింపు పెట్టుకోవడానికి. పచ్చడిలో కొబ్బరి బదులు వేయించిన వేరుశనగ గుళ్ళు నూరండి. పులుపుకు చింతపండే ఉండాలని లేదు, గోంగూర చాలు. రేషను పామాయిలు వాసన వేస్తుందని అమ్మలక్కలు అంటారు గానీ, బాగా కాగనిచ్చి రెండు వెల్లుల్లి రెబ్బలు వేస్తే పోతుంది. రాత్రికి అన్నం మానేసి జొన్న సంకటి చేసుకోండి.

ఆకుకూర, గుడ్డు మాత్రం మానవద్దు. వాటికి బదులు ఏమీ లేదు.

అత్తమ్మను అడిగానని చెప్పండి. నేను ఇక్కడికి వస్తానంటే అందరికంటే ముందు సరేనన్నది ఆమే. "పిల్లని నేను చూసుకుంటాలే, నువ్వు పోవే" అన్న మాట పుస్తకం తెరిచినప్పుడల్లా గుర్తొస్తుంది.

మీ
లీలావతి

నకరికల్లు,
8-9-1985

ప్రియమైన లీలకు,

నీ మొగుడు ఇప్పుడు మామూలు వంటవాడు కాదు! పక్కింటి మాబున్నీసా అక్క గోడ మీదుగా తొంగిచూసి, "ఉలవచారు వాసన మా ఇంటిదాకా వస్తోంది తమ్ముడూ, ఎట్లా పెట్టావు?" అని అడిగింది. సొరకాయ పప్పు గుట్టు ఇంతవరకు సువార్త కనిపెట్టలేదు. నువ్వు చెప్పినవి కాక నా సొంత తెలివితేటలు కూడా కొన్ని వాడుతున్నాను. పాలు మానేసి బెల్లం టీ పెడుతున్నాను. నూనె తాలింపుకు తప్ప వాడటం లేదు. ఆకుకూర చిన్న కట్టే తెస్తున్నాను, గుడ్డు ఒకటి ఉడకబెట్టి అమ్మకు సగం, సువార్తకు సగం ఇస్తున్నాను.

పిల్లకు బుగ్గలు వచ్చాయి, చూస్తే మురిసిపోతావు. అమ్మ ఈమధ్య మాతో కూర్చోవడం లేదు. మా తరువాత వంటింట్లో నెమ్మదిగా తింటానంటుంది. నేను కుట్టుపనికి వెళ్ళిపోతాను, సువార్త ఆమె దగ్గర ఉంటుంది.

ఒక్కటే బెడద. మన పిల్లకు దుడుకుతనం ఎక్కువైంది. మొన్న దీపాలు పెట్టేవేళ అమ్మా, అదీ ప్రార్థన నుంచి వస్తూ ఇంటి ముందు మురుగుకాలవలో పడ్డారు. "కింద చూసి నడవదురా ఇది" అని అమ్మ కేకలేసింది. నిన్న సాయంత్రం వసారాలో చారు గిన్నె దొర్లింది. ఎవరు తన్నారంటే అమ్మ సువార్తను చూపించింది. పిల్ల తల వంచుకుని నిలబడింది గానీ నోరు విప్పలేదు. పాపం, దెబ్బలేమీ తగల్లేదులే.

నీ
యేసుపాదం

గుంటూరు,
12-9-1985

ప్రియమైన సువార్త నాన్నకు,

ఈ ఉత్తరం అందగానే మిషను ఆపేసి మొత్తం చదవండి.

సువార్త పడుతున్నది సాయంత్రాలేనా? పగలు కూడా తట్టుకుంటోందా? ఈ వారమే మాకు కళ్ళ గురించి పాఠం చెప్పారు. తిండిలో ఎ విటమిను చాలకపోతే ముందు వచ్చేది రేచీకటి. పొద్దుగూకాక చూపు ఆనదు. పట్టించుకోకపోతే నల్లగుడ్డు పాడై చూపే పోతుంది. పాఠం వింటుంటే మీ ఉత్తరంలో మాటలే కళ్ళ ముందు తిరిగాయి. పాలు లేవు, నూనె లేదు, ఆకుకూర చిన్న కట్ట. ఆ పొదుపు పాఠాలు చెప్పింది నేనే. వేరుశనగ గుళ్ళు నూరమని రాసిన ఈ చేత్తోనే పిల్ల కళ్ళు పోగొడతానా అని అన్నం సహించడం లేదు.

రేపే నరసరావుపేట పెద్దాసుపత్రికి తీసుకుపోండి. అత్తమ్మను కూడా తోడు రమ్మనండి, నేను లేకపోతే పిల్ల భయపడుతుంది. ఇక్కడ సెలవు అడిగాను. ఇప్పుడు వెళ్తే మళ్ళీ వచ్చే బ్యాచిలోనే చేరాలన్నారు. చేరితే చేరతాను, లేకపోతే లేదు. పెట్టె సర్దుకున్నాను. మీ కబురు కోసమే ఆగాను.

మీ
లీలావతి

నకరికల్లు,
19-9-1985

ప్రియమైన లీలకు,

"సువార్త క్షేమం, రావద్దు" అని ఇచ్చిన టెలిగ్రాం అందే ఉంటుంది. సగం కబురు రాయడం ఇష్టం లేక ఉత్తరం నాలుగు రోజులు ఆపాను. ఇప్పుడు అంతా రాస్తున్నాను. ముందు పెట్టె విప్పి బట్టలు బయటకు తీయి, తరువాత చదువు.

నీ ఉత్తరం చదవగానే మిషను మూసేశాను. మర్నాడు మొదటి బస్సుకే ముగ్గురం నరసరావుపేట వెళ్ళాం. డాక్టరుగారు సువార్త కళ్ళలోకి లైటు వేసి చూశారు, చీకటి గదిలో కూర్చోబెట్టి వేళ్ళు లెక్కపెట్టించారు. "పిల్లకు ఏమీ లేదయ్యా, చూపు శుభ్రంగా ఉంది" అన్నారు.

"మరి సాయంత్రమైతే పడిపోతోందేంది సార్?" అన్నాను.

అప్పుడు సువార్త ఏడుస్తూ అంది: "పడేది నేను కాదు నాన్నా. నాయనమ్మే. పొద్దుగూకితే ఆమెకు కనపడదు. నేను చెయ్యి పట్టుకుని తీసుకుపోతా. గిన్నె కూడా ఆమే తన్నింది. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుంది."

"నోరుముయ్యవే" అంది అమ్మ. డాక్టరుగారు కుర్చీ అమ్మవైపు తిప్పుకున్నారు. ఏం తింటావమ్మా అని అడిగితే, "అందరూ తినేదే" అంది. సువార్త ఊరుకోలేదు. "కాదు. కూర నాకే పెడతది. గుడ్డు కూడా నాకే. ఆమె గంజిలో ఉప్పేసుకుని తాగుద్ది."

పిల్లకు బుగ్గలు ఎక్కడినుంచి వచ్చాయో అప్పుడు అర్థమైంది, లీలా.

"ఎందుకమ్మా ఇట్లా చేశావు?" అన్నాను.

"నీ మిషను మోత వినపడట్లేదు గదరా. ముసల్దాన్ని, నాకేం కావాలి? కళ్ళ సంగతి చెప్తే కోడలు చదువు ఇడిసిపెట్టి వస్తది. అది నర్సమ్మై ఇంటికొచ్చేదాకా ఎట్టనో నెట్టుకొద్దామనుకున్నా. పసిదాని మీద నింద ఏశాను, అదొక్కటే నాకు చానా బాధ."

డాక్టరుగారు అమ్మ కళ్ళు చూసి, నువ్వు రాసిన రేచీకటేనని అక్కడికక్కడే మందు తాగించారు, ఇంటికి మరికొంత ఇచ్చారు. ఇంకా ఆలస్యం చేస్తే చూపు పోయేదట. ఇప్పుడు భయం లేదు, నాలుగు రోజుల్లో చీకట్లో చూపు ఆనుతుందన్నారు. నువ్వు పిల్ల కోసం భయపడబట్టే అమ్మ కళ్ళు దక్కాయి. ఇక ఏమేం కొనాలోనని నేను లోలోపల లెక్కలు వేసుకుంటుంటే అక్కడి నర్సమ్మ, "ఏం కొనక్కర్లేదు, పెరట్లో దొరికేవే చాలు. మునగాకు, బొప్పాయి పండు పెట్టు. కూరలో నూనె మాత్రం మరీ పిసినారిగా పొయ్యకు" అని నవ్వింది. మాబున్నీసా అక్క మునగచెట్టు కొమ్మ మన గోడ మీదకే ఉంది. "మా మేకలు తినగా మిగిలేది నువ్వు కోసుకోలేవా తమ్ముడూ?" అని తిట్టి మరీ కోసి ఇచ్చింది. మునగాకు పప్పు నాకు బాగానే కుదిరింది. ఇప్పుడు ముగ్గురం కంచాలు ఎదురెదురుగా పెట్టుకుని తింటున్నాం. అమ్మ కంచం ఖాళీ అయ్యేదాకా సువార్త లేవనివ్వడం లేదు.

నువ్వు క్లాసులకు వెళ్ళు. ఇది నా మాట కాదు, అమ్మ మాట. "చదువు మానుకుని వస్తే గడప తొక్కనియ్యనని రాయరా" అంది.

నిన్న చీకటి పడ్డాక నేను బొత్తాలు కుడుతుంటే అమ్మ లేచి బయటకు వెళ్ళింది. సువార్త వెంట వెళ్ళబోతే వద్దంది. నేను సూది పట్టుకునే కూర్చున్నాను. కాసేపటికి మాబున్నీసా అక్క ఇచ్చిన మజ్జిగ గిన్నె రెండు చేతులా పట్టుకుని తిరిగొచ్చింది. కాలవ దాటింది, గడప దాటింది. గిన్నె నా ముందు పెట్టి, "ఒక్క చుక్క ఒలికిందేమో చూడరా" అంది.

చూశాను లీలా. ఒలకలేదు.

నీ
యేసుపాదం