లావణ్య చేను పత్తి

మంగళవారం, ఖానాపూర్

పాఠాలు చెప్పి చెప్పి నా గొంతు పోయింది. తడిసిన పత్తి ఏరడానికి వారమంతా చేనుకు పోయిన లావణ్య ఇవాళే బడికొచ్చింది. తన కోసమే బోర్డు మీద ఇంగ్లిషులో ఒక వాక్యం రాశాను: పత్తి ఏరకముందే వాన దాన్ని పాడుచేసింది.

ఏది నామవాచకమో, ఏది క్రియో తప్పు లేకుండా చెప్పింది. ఒక్కో మాటకు అర్థమూ చెప్పింది. "మరి ఈ వాక్యంలో ఏమైందమ్మా?" అంటే మళ్లీ ఆ మాటల అర్థాలే అప్పజెప్పింది. చివరికి నేనే తెలుగులో చెప్పాను.

"గిది మా చేను ముచ్చటనే గద మేడం! మొన్నటి వానకు పత్తంత గట్లనే ఖరాబైంది."

వెనక బెంచీ నుంచి సుజాత అడిగింది, "పరీక్షల గా ముచ్చట అడుగుతరా మేడం?"

అడగరు. ఏది నామవాచకం, ఏది క్రియ అనే అడుగుతారు. గంట కొట్టేదాకా బోర్డు తుడుస్తూనే ఉన్నాను.