పని ఇప్పించే పెద్దమ్మ

ఖానాపురం హవేలి, ఖమ్మం

పెద్దక్కకు,

రాజేష్ దండం పెట్టి రాస్తున్నాను. తండాలో ఫోను అందదు కాబట్టి టేకులపల్లి బస్సు డ్రైవర్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. అసిస్టెంట్ డైరెక్టరుగా నాకిది మొదటి సినిమా. ఇందులో ఒక పెద్దావిడ వేషానికి ఎంతమందిని చూపించినా డైరెక్టరుగారు వద్దన్నారు. "చూడంగనే దండం పెట్టబుద్ధయ్యే మొహం కావాలె" అంటారు. నా ఫోనులో నీ ఫోటో చూసి కుర్చీలోంచి లేచారు. నువ్వు రాకపోతే నా ఉద్యోగం ఉండదు. వేషం మంచిదే. పేద ఆడపిల్లలకు పట్నంలో పని ఇప్పించే పెద్దమ్మ.

నీ తమ్ముడు రాజేష్

తా.క.: కథంతా రాయడానికి కాగితం చాలలేదు.

*

చిరంజీవి రాజేష్‌కు అక్క దీవెనలు.

నలుగురికి పని ఇప్పించే వేషమైతే దేవుడు ఒప్పుకుంటాడు. వస్తాను. పూజ అయ్యాకే. ముఖానికి పౌడరు వద్దు.

ప్రమీల

తా.క.: నీ కాగితం వెనకవైపు ఖాళీగానే ఉంది.

*

పెద్దక్కకు,

నిన్నటి షూటింగ్ అదిరిపోయింది. నువ్వు "రా బిడ్డా, మంచి పని ఇప్పిస్తా" అనగానే మా లైట్ల అతను వచ్చి, తన కూతురిని కూడా తీసుకుపోతావా అని అడిగాడు. కానీ అక్కా, నీతో నటించే పిల్లను వాళ్ళమ్మ ఫోన్ నంబరు అడగకు. కథలో లేదు. పైగా వాళ్ళమ్మ పక్కనే కుర్చీలో కూర్చుంది. ఈ పెద్దమ్మ తల్లులకు చెప్పకుండానే పిల్లలను బస్సు ఎక్కిస్తుంది. ఆ ఒక్క సీనే మిగిలింది.

రాజేష్

తా.క.: ఆ సీనులో పిల్లకు అన్నం కట్టివ్వకు.

*

చిరంజీవి రాజేష్‌కు,

తల్లికి చెప్పకుండా పిల్లను తీసుకుపోయే పెద్దమ్మ ఎవరో నాకు అర్థం కాలేదు. తొందరలో ఉందేమో.

మన పక్కింటి సక్రి కూతురు ద్వాలి ఇంటర్ పూర్తిచేసి ఊరికే ఉంది. మీ సినిమా పెద్దమ్మకు పనులు ఎవరిస్తారో కనుక్కుని చెప్పు. ద్వాలికీ, ఇంకో ఇద్దరు పిల్లలకూ పని ఇప్పిస్తానన్నాను. అప్పుడే బ్యాగులు సర్దుకున్నారు. సక్రి "నువ్వు చెప్పినవంటే చాలు అక్కా" అంది.

ప్రమీల

తా.క.: ఎక్కడికని ఒక్కరూ అడగలేదు. మామిడికాయ పచ్చడి పెట్టాలా, చింతకాయా అని మాత్రం పెద్ద గొడవ.

*

అక్కా,

ముందు ఆ బ్యాగులు విప్పించు!

ఆ పెద్దమ్మ పని ఇప్పించదు. ఆడపిల్లలను తీసుకుపోయి అమ్మేస్తుంది. సినిమా అంతా దాని గురించే. చెప్తే చేయవని దాచాను. నీ ముఖం చూస్తే ఎవరికీ అనుమానం రాదనే నిన్ను పెట్టుకున్నారు. మన తండాలో కూడా రాలేదని చదివాక ఇక దాచలేకపోయాను. మిగిలిన సీను చేయకు. ఉద్యోగం పోతే పోనీ.

రాజేష్

తా.క.: తిట్టు అక్కా. నువ్వు తిట్టకపోతేనే భయం.

*

చిరంజీవి రాజేష్‌కు,

తిట్టను. నిన్నంతా దేవుడి ముందు కూర్చున్నాను.

పిల్లలు నా మాట మీద కదిలితే అది నా మంచితనం అనుకున్నాను. రేపు ఇంకొకతె ఇంత బొట్టు పెట్టుకుని వస్తే? ఆమె వెంట కూడా పోతారు.

సీను చేస్తాను. మన తండాలోనే తీయండి. అందరూ చూడాలి.

ప్రమీల

తా.క.: బ్యాగులు విప్పారు. ద్వాలి ఏడ్చింది. పచ్చడి నాకిచ్చింది.

*

పెద్దక్కకు,

నిన్న తండాలో సీను అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, చూశావా? నువ్వు ఆ పిల్లను బస్సు ఎక్కించి నోట్లు అందుకోగానే సక్రక్క చెప్పు తీసింది. నేను అడ్డం పడకపోతే తగిలేదే. డైరెక్టరుగారు మాత్రం నీకు నిజంగానే దండం పెట్టారు.

నా ఉద్యోగం నిలబడింది. నీ పుణ్యమే.

రాజేష్

తా.క.: రేపు మా మేనేజర్ పద్మప్రియ మేడం తండాకు వస్తారు. ద్వాలికి మా కంపెనీలో బట్టల విభాగంలో ఉద్యోగం! ముందే ఎవరికీ చెప్పకు. మేడమే చెప్పి సంతోషపెడతారట.

*

చిరంజీవి రాజేష్‌కు,

మీ పద్మప్రియ మన ఇంట్లోనే ఉంది. బయట గొళ్ళెం పెట్టారు.

పొద్దున కారు దిగి, నవ్వుతూ "ద్వాలీ, నా వెంట హైదరాబాద్ రా, మంచి పని ఇప్పిస్తా" అంది.

"ఏం పని? ఎవరిస్తరు? జీతమెంత? మా అమ్మ గూడ రావొచ్చా? నీ కార్డేది?" అని ద్వాలి అడిగింది.

"అన్నీ కార్లో చెప్తాలే" అంది పాపం.

అంతే. సక్రి కారు తాళంచెవి లాక్కుంది. సక్రి భర్త మంగీలాల్ పోలీసులకు చెప్పడానికి టేకులపల్లి బయలుదేరాడు. దారిలో టీ తాగి నిమ్మళంగా పొమ్మన్నాను. నువ్వు కంపెనీ కాగితాలు, నీ గుర్తింపు కార్డు పట్టుకుని జల్దీ రా. ఉద్యోగం నిజమే అయితే తల్లీకూతుళ్ళు ముందు వచ్చి చూస్తారట.

మేడం అన్నం తింటోంది. పచ్చడి నచ్చింది.

ప్రమీల

తా.క.: "ఈమె మా రాజేష్ వాళ్ళ మేడమే, మంచిదే" అని నేనూ చెప్పాను. ద్వాలి నా ముఖం తేరిపార చూసి, "నీ మాట ఎట్ల నమ్మాలె పెద్దమ్మా?" అంది. దేవుడి ముందు ఇంకో దీపం పెట్టాను.