అవ్వ నేర్పిన ఏడుపు

చేవెళ్ళ,
ఆగస్టు 1969.

సాలోమోనూ,

నీ భార్య దీవెనను ఈ ఊరి నుంచి వెళ్ళగొట్టింది నువ్వే. నర్సింహ కాదు, రోడ్డు మీద కాపలా కూర్చున్న పోరగాళ్ళు కాదు, నువ్వు. ఈ మాట చదవగానే కాగితం మడిచి పక్కన పడేయాలనిపిస్తుంది. పడేయకు. రాజమండ్రి జైల్లో నీకు వేరే పనేమీ లేదు, చివరిదాకా చదువు.

తమ్మీ, ముందు అక్క ఆశీర్వాదం అందుకో. ఎంత కోపంలోనూ అది ఆపలేను. నిన్ను చంకనేసుకుని ఊరంతా తిప్పిన చేతులివి. ఇక్కడ అందరం క్షేమమని రాసే చోటు ఈసారి ఖాళీగా వదిలాను. ఎందుకో చివర తెలుస్తుంది. మధ్యలో ఈ ఉత్తరం విప్పి చదివే జైలు అధికారిగారికి కూడా వందనాలు. అయ్యా, ఇందులో ప్రభుత్వాన్ని కూల్చే మాటలేవీ లేవు, మా తమ్ముణ్ణి కూల్చే మాటలే ఉన్నాయి. దయచేసి వాటి మీద సిరా పూయకండి.

నువ్వడిగినవాటికి జవాబులు. బడి ఇంకా తెరవలేదు, పిల్లల చదువు ఈ ఏడాదికి పోయినట్టే. వానలు మంచిగానే పడ్డాయి, జొన్న మోకాలెత్తుకు వచ్చింది. బంద్ లేని రోజుల్లో మొయినాబాద్ దాకా బస్సు నడుస్తున్నది, చేవెళ్ళకు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. నీ సైకిలు వానకు తడవకుండా లోపల పెట్టాను. 'అవ్వ తింటున్నదా' అని అడిగావు, మన తల్లి సంగతి కదా, దానికి జవాబు కింద రాస్తాను. 'దీవెన నా ఉత్తరాలకు ఎందుకు పలకదు' అని అడిగావు. అక్కడ మొదలుపెడతాను.

అంతకన్నా ముందు నీ ఉత్తరంలోని ఇంకో సంగతి. నువ్వు 'గట్ల కాదు' అంటే వార్డర్లు గుమిగూడి, ఏదీ మళ్ళీ అను అని నవ్వుతున్నారని రాశావు. నీది తెలుగే కాదన్నారని, ఉర్దూ కలిసిన తౌరక్యాంధ్రమన్నారని రాశావు. మంచినీళ్ళు కావాలంటే తమలాగా 'అండి' పెట్టి అడగమన్నారని, అడగనని నువ్వు మొండికేసి ఒక పగలంతా దాహంతో కూర్చున్నావని రాశావు. అది చదివి నా కడుపు మండింది. గర్వం కూడా కలిగింది, అబద్ధం ఎందుకు? ఆ పక్కనే ఒక ప్రశ్న కూడా పుట్టింది. నువ్వు ఒక్క పగలు ఓర్వలేనిది, గుడివాడ నుంచి వచ్చిన దీవెన మన ఇంట్లో ఐదేళ్ళు ఎట్లా ఓర్చింది?

మార్చిలో మొయినాబాద్‌లో తెలంగాణ మీటింగు గుర్తుందా? నేనూ ఉన్నాను, ఎర్ర చీర కట్టుకుని ముందు వరసలో. మన కొలువులు మనకే దక్కాలని నువ్వంటే చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాను. మన పైసలు మన జిల్లాలకే ఖర్చు కావాలన్నావు, దానికీ కొట్టాను. ఆ తరువాత నీకు మైకు రుచి తగిలింది. "ఈ నేల మీద బతకాలంటే ఈ నేల మాట మాట్లాడాలె! రానోళ్ళు మూట గట్టుకోవాలె!" అన్నావు. జనం ఊగిపోయారు. నేను వెనక్కి తిరిగి చూశాను. దీవెన పిల్లను ఒళ్ళో పెట్టుకుని గోడ పక్కన కూర్చుని ఉంది. పిల్ల చప్పట్లు కొడుతున్నది. దీవెన పిల్ల చేతులు పట్టుకుని ఆపింది.

నువ్వు ఏం వాదిస్తావో నాకు తెలుసు. ఆ మాట పెద్ద ఉద్యోగుల గురించి అన్నాను, ఇంటి మనిషి గురించి కాదంటావు. అయితే విను. ఈ విషయంలో నేను గోడ మీద కూర్చునే రకం కాదు. కుర్చీలో కూర్చున్నవాడికి మన మాట రావాలి. తహసీలు ఆఫీసుకు, బడికి, దవాఖానకు మనం పోక తప్పదు. అక్కడున్నవాడికి మన గోడు అర్థం కాకపోతే తప్పు వాడిది. అర్థమై కూడా నవ్వేవాడైతే వాడిని సాగనంపడానికి నేనే ముందుంటాను. అర్థం చేసుకోమని అడగడం న్యాయం. తల్లి నేర్పిన మాటను నోట్లోంచి పీకి పారేసి రమ్మనడం న్యాయం కాదు. దీవెన దవాఖానలో నర్సు. 'పానం మంచిగ లేదు', 'నడుము గుంజుతున్నది' అని మన ఆడవాళ్ళు అంటే ఏనాడైనా మళ్ళీ చెప్పమన్నదా? ఈ వాడలో సగం పిల్లల బొడ్డు కోసింది ఆమె. వాళ్ళు పుట్టినప్పుడు ఆమె ఏ యాసలో ధైర్యం చెప్పిందని ఎవరూ అడగలేదు.

బాపును మరిచావా? నైజాం రోజుల్లో కచేరీ గుమ్మం బయట నిలబెట్టి, ఉర్దూ రాని గాడిదని మున్షీ నవ్వితే, బాపు ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నువ్వప్పటికి పుట్టలేదు, నేను చూశాను. రాజ్యం మారింది, మున్షీ పోయాడు. ఆ గుమ్మం దగ్గర ఇప్పుడు నువ్వు నిలబడ్డావు తమ్మీ. ఇదీ నా కోపం.

దీవెన నేర్చుకోలేదని కదా నీ ఫిర్యాదు? నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. నువ్వు మీటింగులకు తిరిగే ఎండాకాలంలో, మధ్యాహ్నాలు మన ఇంట్లో ఒక బడి నడిచింది. పంతులమ్మ అవ్వ. నేర్పింది ఏడుపు.

మన వాడలో ఎవరైనా పోతే ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని మాట కలిపి రాగం తీసి ఏడుస్తారు కదా. పాస్టరుగారు ఎంత వద్దన్నా అది ఆగలేదు. కూతురి వంతు, కోడలి వంతు, వియ్యపురాలి వంతు అని వరస ఉంటుంది. వంతు వచ్చినప్పుడు నోరు మెదపనిదానికి పోయిన మనిషితో చుట్టరికం లేనట్టే లెక్క. అవ్వకు ఆ ఫికర్ పట్టుకుంది. ఒకరోజు నేను వెళ్ళేసరికి అవ్వ మంచం మీద, దీవెన కింద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నది.

"నేను సచ్చినంక నువ్వు గుడ్లు మిటకరించి నిలవడ్తవు. నలుగురు నవ్వుతరు. ఇప్పుడే నేర్సుకో," అన్నది అవ్వ.

"అదేంటండీ అత్తయ్యా, మనిషి బతికుండగా ఏడుపేంటండీ!"

"సచ్చేది నేను. నాకు లేని పట్టింపు నీకెందుకే? ఏడువు, నేను వింట."

దీవెన సిగ్గుపడుతూ, "అత్తయ్యగారండీ, మమ్మల్ని వదిలి వెళ్ళిపోయారా అండీ" అని మొదలుపెట్టింది. అవ్వ నెత్తి కొట్టుకున్నది.

"పీనుగకు అండి ఏందే! మర్యాద జేస్తే లేసొస్తనా? తిట్టాలె. 'నన్నిడిసి యాడికి పోతివి అత్తో, జొన్న గట్క పోస్తె వద్దంటివా అత్తో, నీ మనుమరాలిని ఎవరి ఒళ్ళె ఏస్తివి అత్తో' అని తిట్టాలె."

"నేను మిమ్మల్ని తిట్టనా అండీ?"

"బతికున్నప్పుడు ఒక్క మాట అనకపోతివి. గా కసి అంత అప్పుడు తీర్సుకో."

రోజూ నడిచింది ఆ బడి. నవ్వలేక నా పక్కలు నొప్పి పుట్టేవి. మే నెల దాటేసరికి దీవెన గొంతులో ఆ రాగం కుదిరింది. ఒకనాడు మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా ఏడ్చింది. అవ్వ నవ్వడం మాని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇగ సాలు బిడ్డా. నిజంగ సచ్చినట్టే అయితున్నది" అన్నది.

జూన్‌లో నిన్ను పట్టుకుపోయారు. ఆ వారమే దవాఖాన గోడ మీద ఆంధ్రోళ్ళు పొమ్మని బొగ్గుతో రాతలు వచ్చాయి, తలుపుకు తాళం పడింది. తరువాత నర్సింహ మన ఇంటికి వచ్చాడు. మొయినాబాద్ పటేల్ల పిల్లగాడు, నీ దగ్గర చదువుకున్నవాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడనుకున్నావు? చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని అన్నాడు. "నర్సమ్మా, జర కొన్ని దినాలు మీ ఊరికి పోండ్రి. గిది నా మాట కాదు, మా సారు మాటనే."

దీవెన నా ముఖం చూసింది. నేను నర్సింహతో పోట్లాడాను, అరిచాను, వాకిట్లోకి దిగి అరిచాను. దీవెన మాత్రం లోపలికి పోయి పిల్ల గౌన్లు సర్దుకుంది. నీ మాట అని వాడు చెప్పకపోతే ఆమె కదిలేది కాదు. గుడివాడలో తల్లి దగ్గరికి పోయింది. బస్సు కదిలేటప్పుడు అవ్వ కిటికీ పట్టుకుని, "మర్శిపోకు, నేర్పింది మర్శిపోకు" అన్నది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏదో వంట సంగతి అనుకున్నారు.

తమ్మీ, ఇప్పుడు ఆ ఖాళీ వదిలిన చోటికి వస్తున్నాను. కూర్చుని చదువు.

అవ్వ లేదు. జులైలో పోయింది. వాన జ్వరం పట్టింది, వాంతులు ఆగలేదు. దవాఖానకు తాళం. సూది వేయడం తెలిసిన మనిషి మన ఇంట్లోనే ఉండేది, ఆమె గుడివాడలో ఉన్నది. బండి కట్టి పట్నం తీసుకుపోదామని బయలుదేరాం. మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరు కూడా దాటలేదు, దారిలోనే అవ్వ చెయ్యి నా చేతిలో చల్లబడింది. బండి వెనక్కి తిప్పాము.

దీవెనకు అంతకు ముందే టెలిగ్రాం కొట్టించాను, జబ్బుగా ఉన్నది రమ్మని. పిల్లను తల్లికి అప్పగించి ఆమె రైలెక్కింది. పట్నంలో దిగి మొయినాబాద్ దాకా వచ్చేసరికి బంద్, రోడ్డుకు అడ్డంగా రాళ్ళు. అక్కడే మన పొరుగింటి బీరమ్మ ఎదురైంది. హిమాయత్‌నగర్‌లో చెల్లెలి ఇంట్లో ఉండి, కబురు విని బయలుదేరిన బీరమ్మ నోటివెంటే అత్త పోయిందని దీవెన విన్నది. ఇద్దరూ చేవెళ్ళ వైపు నడవబోతే పోరగాళ్ళు అడ్డం వచ్చారు. తరువాత జరిగింది బీరమ్మ చెప్పినట్టే రాస్తున్నాను.

"మా అత్తయ్య చనిపోయారండీ, దయచేసి వెళ్ళనివ్వండి" అన్నదట దీవెన. ఆ 'అండి'కి ఒకడు పకపకా నవ్వాడట. "గీమె సచ్చిపోయిన మారెమ్మ కోడలురా, మీ సారు పెండ్లాం" అని బీరమ్మ మొత్తుకుంటే, "నువ్వూకో అవ్వా, ఆమెనే మాట్లాడనీ. మనామె అయితే మన మాట రాదా?" అన్నారట.

అప్పుడు దీవెన ఆ బురదలోనే కూలబడి అవ్వ నేర్పిందంతా ఏడ్చింది. యాడికి పోతివి అత్తో, జొన్న గట్క పోస్తె వద్దంటివా అత్తో, ఒక్క మాట తప్పకుండా. "నాకంటె మంచిగేడ్సింది అక్కా" అన్నది బీరమ్మ. పోరగాళ్ళలో ఒకడన్నాడు: "యాక్టింగు. మన మాటను ఎక్కిరిస్తున్నది."

లేపి, పట్నం పోయే లారీ ఎక్కించారు. నర్సింహ అక్కడే కల్వర్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఎవరో వాడికి తెలుసు. నోరు తెరవలేదు.

చూశావా తమ్మీ! నేర్చుకోవాలన్నావు, నేర్చుకుంది. నువ్వు నిలబడ్డ గుమ్మం ముందే నేర్చుకున్నదంతా అప్పగించింది. గుమ్మం తెరుచుకుందా? రాకపోతే పరాయిది, వస్తే వెక్కిరింపు. ఆ పరీక్షలో ఎవరు గెలుస్తారు, నువ్వే చెప్పు.

ఇక్కడ దీవెన కోసం సమాధి చేయకుండా సాయంత్రం దాకా ఆపాము. వాన ఆగలేదు, ఇక ఆపలేకపోయాము. కోడలి వంతు వచ్చినప్పుడు ఆడవాళ్ళంతా మౌనంగా నిలబడ్డారు. ఆ మౌనంలో మట్టి పడుతున్న చప్పుడు నాకు ఇంకా వినిపిస్తున్నది.

నీకు రెండు ఉత్తరాల్లో 'అవ్వ బాగున్నది' అని రాశాను. జైల్లో ఒంటరిగా కుమిలిపోతావని జాలిపడి దాచాననుకోకు. దీవెనకు దక్కని ఏడుపు నీకు ముందుగా ఇవ్వబుద్ధి కాలేదు. తప్పే కావచ్చు, క్షమించమని అడగను. నిన్న దీవెన ఉత్తరం వచ్చింది. నీ మీద ఒక్క మాట లేదు. 'వదినా, సమాధిలో అత్తయ్యగారి తల ఏ వైపు పెట్టారు?' అని మాత్రం అడిగింది. అందుకే ఈ రోజు నీకు అంతా రాస్తున్నాను.

నాకు కావలసినవి ఇవి:

ఒకటి. దీవెనకు ఉత్తరం రాయి. ఉద్యమం గురించి ఒక్క ముక్క ఉండకూడదు.

రెండు. మొయినాబాద్ పోరగాళ్ళకు, నర్సింహ పేరు మీద, ఆ రోజు మీరు ఆపింది నా భార్యను అని రాయి. నేను దాన్ని మీటింగులో చదివి వినిపిస్తాను.

మూడు. దవాఖాన తాళం తీయించమని అందులోనే రాయి.

నాలుగు. విడుదలయ్యాక నేరుగా ఇంటికి రాకు. గుడివాడ పో. అక్కడ నీ మాటలోనే మాట్లాడు, వాళ్ళు నవ్వితే నవ్వనీ. ఆమె వస్తానంటే తీసుకురా, రానంటే అక్కడే ఉండు.

ఐదు. అవ్వ సమాధి దగ్గర మొదట దీవెన ఏడవాలి. తన మాటలోనో, మన మాటలోనో, ఆమె ఇష్టం. అప్పటిదాకా నువ్వు ఏడవొద్దు.

ఇట్లు,
నిన్ను పెంచిన అక్క,
సారమ్మ.