ఉడికిన వడ్లను విత్తనంగా వాడుకోమన్న ఉత్తర్వు గురించి

గౌరవనీయులైన ధాన్యం ఎగుమతుల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఎగుమతి నిషేధం వల్ల గిడ్డంగిలో సీలుపడిన ఉడికించిన వడ్లు, విత్తనం లేక బీడుపడబోతున్న ఆరు ఇళ్ల పొలాలు, ఆ పైన తమ కార్యాలయం పంపిన జవాబు గురించి.

తోడబుట్టిన తమ్ముణ్ణి 'అయ్యా' అని రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ మొన్న తమ దర్శనానికి వస్తే తమ బంట్రోతు నన్ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాడు. లోపలికి వెళ్లి తిరిగొచ్చి, సారు మీటింగులో ఉన్నారు, ఏదున్నా అర్జీ పెట్టుకోమన్నారు అని చెప్పాడు. వచ్చింది ఎవరో చెప్పావా నాయనా అంటే, చెప్పానమ్మా అని తల దించుకున్నాడు. పాపం, అతని తప్పేముంది. తలుపు కింద సందులోంచి తమ చెప్పులు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ మీటింగులో అవి తప్ప ఇంకెవరి చెప్పులూ లేవు. కాసేపు ఎదురుగా ఉన్న మొక్క లేని మట్టికుండీని చూస్తూ కూర్చుని, బస్సు వేళ అవుతోందని లేచి వచ్చేశాను. అందుచేత ఇప్పుడు పద్ధతి ప్రకారమే విన్నవించుకుంటున్నాను.

1. పోయిన పంటకు ముందు తమరు ప్రభుత్వ జీపులో మా కళ్లానికి వచ్చి సభ పెట్టి ఉన్నారు. వడ్లను ఉడికించి ఆరబెట్టి ఇస్తే పైదేశాల వాళ్లు కళ్లకద్దుకుని కొంటారనీ, మా ఆరు ఇళ్లూ కలిసి సంఘం కడితే ఓడ ఎక్కించే పూచీ తమదనీ సెలవిచ్చి ఉన్నారు. ఈ చుట్టుపక్కల ఆ ఉప్పుడు బియ్యం ఎవరూ నోట పెట్టరు, ఓడ ఎక్కకపోతే వాటి గతేమిటని పక్కపొలం పెదనాన్న అడిగారు. తమరు ఆయనకు జవాబు చెప్పకుండా నా వైపు తిరిగి, "అక్కా, నా మాట మీద నమ్మకం లేదా?" అన్నారు. ఉందన్నాను. ఆ ఒక్క ముక్కకే మిగతా అందరూ తలలూపారు. వాళ్లు నమ్మింది ప్రభుత్వాన్ని కాదు, నన్ను. ఇది తమ ఫైలులో ఎక్కడా ఉండదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

2. విత్తనాల సంగతి. పంట ఇంటికి రాగానే మొదటి వడ్లు విత్తనాల గాదెలోకి పోవాలని, ఆ తరువాతే తిండికైనా అమ్మకానికైనా అని తమరు పుట్టకముందు నుంచీ ఉన్న ఆచారం. గాదె తాళం ఇంట్లో పెద్ద ఆడదాని నడుముకు ఉంటుంది. అమ్మ జబ్బుపడిన ఏడు కూడా ఆ తాళం తీయలేదు. పక్కిళ్ల నుంచి గింజలు బదులు తెచ్చుకుని తిన్నాం గాని తీయలేదు. అటువంటి తాళం తమరు అడిగితే తీశాను. కొనేవాళ్లు అడిగినంత సరుకు కూడలేదనీ, వచ్చే పంటకు ఎగుమతి పథకం కింద కొత్త విత్తనం సీలు సంచుల్లో తామే పంపుతామనీ, పాత గింజలకు కాపలా ఎందుకనీ అన్నారు. మా ఇంట్లో తీశానని విని అన్ని ఇళ్లలోనూ తీశారు. పెదనాన్న అందరికన్నా ఆఖరున తీశారు. వీధి చివర టైలరు వదిన కౌలుకు చేసేది చారెడు నేల, ఆమె గాదె అంటే ఒక రేకు డబ్బా. అదీ తెచ్చి మా కాగులోనే బోర్లించింది. అన్నీ ఉడకబెట్టాం. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. మేం నానబోయడంతో ఆగలేదు, మా చేతులతో మేమే మంట పెట్టుకున్నాం.

3. తరువాత, దేశంలో తిండిగింజలకు కొరత రాకూడదని ఎగుమతులు నిలిపివేస్తూ ఉత్తర్వు వచ్చినది. జనం పళ్లెంలో అన్నం తగ్గకూడదని ప్రభుత్వం అనుకుంటే కాదనడానికి నేనెవరిని. బజారులో బియ్యం ధర విని గుండె జారినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ మా గిడ్డంగిలో ఆపింది ఏ పళ్లెమూ అడగని సరుకు. బియ్యం కొట్టు షావుకారు గుప్పెడు వాసన చూసి, చేతులు దులుపుకుని, ఇవి పశువులకైతే చెప్పమ్మా అన్నాడు. ఇది చాలనట్టు, తమరు పోగుచేయించిన సరుకే అక్రమ నిల్వ అయిందని తమ సిబ్బంది వచ్చి తలుపుకు సీలు వేశారు. లక్క ఇంకా ఆరకముందే వాళ్లలో ఒకాయన దాహమన్నాడు. మంచినీళ్లు ఇచ్చి పంపాను.

4. ఈ అంశం రాయవద్దని మీ బావగారు అన్నారు. ఇంటి గుట్టు కాగితం మీద పెట్టకు, రేపు మళ్లీ మొహాలు చూసుకోవాలి అన్నారు. అయినా రాస్తున్నాను. నాన్న చేలో తమ వాటా కూడా నేనే సాగుచేస్తున్నాను. ఏటా అందరి సరుకూ కదిలాక తమ వాటా పంపడం అలవాటు. ఈసారి ఉత్తర్వు రావడానికి ముందు వారం తమరు ఫోను చేసి, ఇంట్లో ఖర్చులున్నాయి, నా బస్తాలు ముందు ఇచ్చెయ్యక్కా అని లారీ పంపారు. నేనే దగ్గరుండి ఎత్తించాను. మబ్బుగా ఉందని పైన టార్పాలిన్ కప్పించి, తాడు సరిగ్గా బిగించారో లేదో లాగి చూశాను. ఆ డ్రైవరు నిన్న మా వీధిలో టీకి ఆగాడు. ఆ బస్తాలు నేరుగా రేవుకు వెళ్లి ఆఖరి ఓడ ఎక్కాయని, మీ తమ్ముడు గారికి ముందుచూపు ఎక్కువని మెచ్చుకున్నాడు. నాకు తెలుసనుకున్నాడు. నేనూ తెలిసినట్టే తలూపాను.

ప్రభుత్వ రహస్యం బయటపెట్టకూడదని నియమం ఉందని తమరు అనవచ్చు. ఉంటే ఉండనీ. ఒకే చేను, ఒకే కాగు, ఒకే కళ్లంలో ఆరిన వడ్లు. అందులో తమ బస్తాలకు తెలిసిన రహస్యం నా బస్తాలకు తెలియకుండా పోయింది. "అక్కా, ఆలస్యం చెయ్యకు" అని ఒక్క మాట అంటే చాలేది. ఎందుకని కూడా అడిగేదాన్ని కాదు, అందరి సరుకూ ఆ రోజే కదిలించేదాన్ని. పరాయివాడు మోసం చేస్తే వీధిలో నిలబడి తిట్టుకోవచ్చు. ఇది ఎవరికి చెప్పుకోను? అన్నం ముందు కూర్చుంటే ఆ టార్పాలిన్ గుర్తొస్తోంది.

5. మా సంఘం పెట్టుకున్న మొదటి అర్జీకి తమ సంతకంతో వచ్చిన జవాబు ఇది: "ఎగుమతికి వీలుకాని సదరు ధాన్యమును సభ్యులు రాబోవు పంటకు విత్తనముగా వినియోగించుకొనవచ్చును. కావున పథకము కింద విత్తన సరఫరా అవసరము లేదని భావించడమైనది."

కళ్లంలో అందరి ముందూ నేనే పైకి చదివాను. పెదనాన్న మళ్లీ చదవమన్నారు, చదివాను. ఆయన "మీవాడు ఇది చదివే సంతకం పెట్టాడా అమ్మా?" అన్నారు. చదవలేదంటే తమరు పనికిమాలినవారు అవుతారు, చదివారంటే ఇంకేదో అవుతారు. రెండూ నా నోటితో అనలేక కాగితం మడిచి కొంగున ముడేసుకున్నాను. టైలరు వదిన లేచి వెళ్లిపోయింది. అప్పటినుంచి మా గుమ్మం ముందునుంచి నడవకుండా వెనక సందులోంచి చుట్టు తిరిగి పోతోంది.

6. కావున ప్రార్థించుకొనునది ఏమనగా: మొదటి వాన పడింది. దుక్కులు అయ్యాయి. చల్లడానికి ఆరు ఇళ్లలోనూ పచ్చి గింజ లేదు. ఈ అదను దాటితే ఏడాదంతా ఆ నేల ఊరికే పడి ఉంటుంది. కౌలుదారు కనుక టైలరు వదినకు ఆ నేల కూడా మిగలదు. ప్రభుత్వ గోదాములో ఉన్న విత్తనం వెంటనే ఇప్పించవలెను. ముందు ఆమెకు, తరువాత పెదనాన్నకు, తరువాత మిగతావారికి. నా ఇంటికి ఆఖరున ఇచ్చినా సరే, ఇవ్వకపోయినా సరే. సీలు తీయడం, ఓడలు కదలడం పైవాళ్ల చేతిలో ఉన్నవని అంటే ఒప్పుకుంటాను. మరొక్కటి మాత్రం తమ చేతిలోనే ఉంది. తమరు అదే జీపులో అదే కళ్లానికి వచ్చి, లారీ సంగతి మా అక్కకు తెలియదని అందరి ముందూ ఒక మాట చెప్పవలెను. డ్రైవరు నాకు చెప్పినవాడు ఇంకెవరికీ చెప్పకుండా ఉండడు. విన్నవాళ్లు ఇద్దరూ కలిసే చేశారని అనుకోక మానరు.

ఇంతకన్నా అడిగేది లేదు. తీరిక చూసుకుని కాదు, అదను చూసుకుని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు కాక తప్పని,
అక్క

జతపరచినవి: తమ జవాబు నకలు ఒకటి; గుడ్డమూటలో పిడికెడు వడ్లు.

తా.క.: ఒరే చిన్నోడా, ఇది బంట్రోతు చేత చదివించుకోకు. నీకు బడి కొత్తల్లో, అటుకులకని అమ్మ ఉడికించి కళ్లంలో ఆరబోసిన వడ్లు ఏరి దొడ్లో నాటావు. రోజూ చెంబుతో నీళ్లు పోశావు. మొలక రాలేదని అన్నం మానేసి మూల కూర్చున్నావు. నీ ఏడుపు చూడలేక, నువ్వు బడికి పోయినప్పుడు అమ్మ నానబెట్టిన విత్తనంలోంచి గుప్పెడు తెచ్చి వాటి చోట పెట్టాను. మొలకలు వచ్చాక వీధి వీధంతా పిలిచి చూపించావు. పెద్దయ్యాక సంగతి తెలిసి నీ పెళ్లిలో నువ్వే అందరికీ చెప్పి నవ్వించావు, మా అక్క ఉంటే ఉడికిన వడ్లు కూడా మొలుస్తాయని.

మూటలో ఉన్నవి మన చేను వడ్లే. నీ వరండాలో కుండీ ఖాళీగా ఉంది, దాంట్లో నాటు. రోజూ నీళ్లు పొయ్యి. ఈసారి నేను రాను.