రత్నం ఎంచుకున్న షెడ్డు

1966, శనివారం రాత్రి

నిన్న కారు నేర్చుకుంటూ మా ఆవిడ రత్నం మా ఊళ్లో పూరీ గేట్ దగ్గర గోడను గుద్దేసింది. దెబ్బలు తగల్లేదు గానీ, ఇక స్టీరింగు ముట్టనంది.

ఈ రోజు సొట్ట తీయించడానికి ఇద్దరం వెళ్లాం. మొదటి షెడ్డువాడు సొట్టలో లప్పం నింపి, రంగు వేసి సాయంత్రానికే ఇస్తానన్నాడు.

"ఒద్దండి, నాలుగు కుదుపులకే రాలిపోద్ది," అంది రత్నం.

తర్వాత నిమ్‌పురా పేటలోని షెడ్డుకు వెళ్తే, అక్కడి ముసలి బెంగాలీ మేస్త్రీ రేకును సుత్తితో సరిచేయడానికి వారం కావాలన్నాడు. అతను బాగుచేసిన మరో కారును రత్నం కళ్లు మూసుకుని తడిమింది. ఎక్కడా ఎగుడుదిగుడు తగల్లేదు.

"ఇక్కడే సేయిద్దారండి."

"గాడీ కౌన్ చలాయా?" అని, బండి నడిపిందెవరని అడిగాడు మేస్త్రీ. రత్నం మీదికి రాకుండా నేనేనని చెప్పబోయాను.

"నానే గుద్దీసినాను, దాదా. వారం పోయాక నానే తోలుకెళ్తాను!"

ఇంటిదాకా నవ్వుతూనే నడిచాం. వారం పోయాక ఆవిడ తోలుతుంటే పక్క సీట్లో కూర్చోవాలంటే మాత్రం నాకు కొంచెం భయమే...