ఉపవాసం చెడుతుందని

శుక్రవారం రాత్రి, రేగొండ

పొద్దున మా చర్చిలో ఉపవాస ప్రార్థన నడిపిస్తూ, సాయంత్రం దాకా నోట్లో ఏదీ పెట్టుకోవద్దని మైకులో గర్జించాను. మధ్యాహ్నానికి మనవరాలు రూతుకు ఆస్తమా తిరగబెట్టింది. ఛాతీలో ఈల, పెదవులు నల్లబడ్డాయి. ఇన్‌హేలర్ దగ్గరికి తెస్తే మూతి బిగించుకుంది.

"ఉపాసం చెడుతది తాతా! నువ్వే చెప్పినవ్ గదా!"

"గిది తిండి కాదు బిడ్డా, ఊపిరి. దేవుడు ఆదాముకు ముందుగాల ఇచ్చింది గదే. జర పీల్చు."

"అయితే నువ్వు ఆమెన్ అను."

ఏడుస్తూనే అన్నాను. అప్పుడు పీల్చింది. దవాఖానకు తీసుకుపోయాం. ఇప్పుడు నా పక్కనే నిద్రపోతోంది; ఊపిరి ఆడుతోందా అని మాటిమాటికీ చెయ్యి పెట్టి చూస్తున్నాను.

ప్రభువా, ఆ మైకు అన్ని వాడలకూ వినబడింది. ఇంకే ఇంట్లో ఏ పసిబిడ్డ నా మాట నమ్మి మూతి బిగించుకుందో...